పొట్టకిటికీ పరదా

జులై 14, సోమవారం

మా బాపు నేసిన బట్టను దుకాణం సేటు కోశాడు. నేను లేనప్పుడు. నన్ను అడగకుండా.

శనివారం పోతూ పోతూ చెప్పాను. ఆ బట్ట ముట్టుకోవద్దు, నేను వచ్చాక కలిసి కోద్దాం అని. తల ఊపాడు. మా ఊళ్లో బోనాల పండగ. ఆదివారం ఒక్కరోజు పరదాల దుకాణంలో లేను. అంతే.

పొద్దున మెట్లెక్కుతుంటేనే కనపడింది. కటింగ్ బల్ల పక్కన రాడ్‌కు క్లిప్పులు పెట్టి వేలాడదీసిన ముక్క. ఒక కిటికీ ఎత్తు ముక్క. ఎర్ర నేల, ఆకుపచ్చ చిలుకలు... అన్నీ పక్కకు ఒరిగి పడుకున్నాయి.

"రా రా సరితమ్మా. మీ బాపు చిలుకలు పండుకున్నయ్ చూడు. జరమొచ్చిందో ఏమో," అన్నాడు సేటు.

దుకాణమంతా నవ్వు. కొనడానికి వచ్చిన వాళ్లు కూడా. ఫిట్టర్ యాదన్న ఒక్కడే నవ్వలేదు. డ్రిల్లు మిషన్ తుడుస్తూ కూర్చున్నాడు.

నవ్వు అయ్యాక సేటు మామూలు గొంతుతో — "డ్యామేజీ మాల్. సూరత్ మూటల గిసోంటి ప్రింటు గుడ్డే వచ్చింది. దాంట్ల చిలుకలు నిలబడే ఉన్నయి. టీచరమ్మకు తేడా తెల్వది, గదే ఏద్దాం."

డ్యామేజీ కాదు. టీచరమ్మ కొత్తింటి పరదాకని, ఆమె పాత చీరను చూసి నేసిన బట్ట అది. చీరను ఒంటికి అడ్డంగా చుట్టుకుంటాం. పరదా నిలువుగా వేలాడుతుంది. చీరలో నిలబడ్డ చిలుక పరదాలో పడుకుంటుంది. ఇంతే సంగతి. మగ్గం మీద బాపు ముందు చిలుకలు ఎప్పుడూ ఒరిగే పుడతాయి. కట్టుకున్న మనిషి లేచి నిలబడితేనే అవి నిలబడతాయి. పుట్టినప్పటి నుంచి ఆయన చూసింది అదే. కిటికీ నిలువు ఆయన కంటికి ఎక్కలేదు. బట్టను భుజం మీద వేసుకుని మురిసిన మా ఎవరికీ ఎక్కలేదు.

కానీ కోసే ముందు ఒక్కసారి విప్పి ఎత్తి పట్టుకుంటే తెలిసేది గదా. కోసి చూశాడు. చూసి కోయలేదు.

కోపం ఇంకా దిగలేదు. రాత చూస్తే తెలుస్తోంది.


జులై 15, మంగళవారం

మధ్యాహ్నం బాపు ఫోను.

"ఏసిండ్రా బిడ్డా?"

"ఇంక లే బాపు. శ్రావణం రావాలె గదా. టీచరమ్మ గృహప్రవేశం అప్పుడే."

"రాడ్ గట్టిది పెట్టమను. బరువుంటది బట్ట."

"సరే."

"ఎట్లున్నదంటుర్రు?"

"మంచిగుందంటుర్రు."

అబద్ధం. నోట్లోంచి దానంతట అదే వచ్చింది.

ఆయన ఎందుకు అడుగుతున్నాడో నాకు తెలుసు. హైదరాబాదులో చిన్నాయన ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్. ఆయనదీ మా నేతవాడే, ఆయనదీ ఒకప్పుడు మగ్గమే. పక్క బిల్డింగులో జాగా ఖాళీ అయిందట, బాపును రమ్మంటున్నాడు. ఈ ఆదివారం కాదు, పై ఆదివారం పొద్దున జవాబు చెప్పాలి. లేకపోతే వేరేవాళ్లను పెట్టుకుంటారు.

బాపు ఒకటే మాట అన్నాడు. "టీచరమ్మ కిటికీకి ఏసినంక జెప్త. అక్కడ మంచిగ కనబడితే, గిట్లాంటి పనే ఇంక నలుగురు అడుగుతరు. మగ్గం ఉంటది. లేకుంటే మగ్గం గుంట పూడ్చి పోతం."

కోపంగా అనలేదు. బియ్యంలో రాళ్లేరుతూ అన్నాడు. మా బాపు అరిచి చెప్పినవి చెయ్యడు. ఇట్లా చెప్పినవి చేస్తాడు.


జులై 16, బుధవారం

పని లేదు. వాన. కొలతలు తీసుకున్న రోజే మనసులో తిరుగుతోంది.

ఎండాకాలం అప్పుడు. దేవరకొండ రోడ్డులో కొత్త ప్లాట్లు, ఇంకా పేరు కూడా పడని వీధి. టీచరమ్మ ఇంటి ముందు గది గోడ ఒకచోట బయటికి ఉబ్బి ఉంది. మూడు పలకలు. నడుమ పెద్ద అద్దం, రెండు పక్కలా ఏటవాలుగా రెండు చిన్నవి. కింద గ్రానైటు అరుగు, కూర్చోవడానికి. సేటు బే విండో అంటాడు. కట్టిన మేస్త్రి పొట్టకిటికీ అన్నాడట. ఆ పేరే నిలబడిపోయింది.

యాదన్న చూడగానే — "ఇంటికి ఎన్నో నెల టీచరమ్మా?"

ఆమె అందరికంటే ఎక్కువ నవ్వింది. "తొమ్మిది నిండినయి యాదగిరీ. మేస్త్రి కానిస్తలేడు."

సేటు గోడ నుంచి గోడకు సీదా టేపు లాగి, రాసుకో అన్నాడు. వంపు వెంట రావాలి సేటు, అన్నాను. పట్టు మరి, అని టేపు నా మీదికి విసిరాడు. మూలల దగ్గర టేపు విరిగినట్టు వంగుతుంది, నిలవదు. సంచిలో బాపు ఇచ్చిన నూలు ఉండె. దాన్ని పరిచాం. ఒక గోడ దగ్గర నేను, మూలల్లో యాదన్న వేళ్లు, ఆ చివర టీచరమ్మ. ముగ్గురం కిటికీని కట్టేస్తున్నట్టే ఉంది.

యాదన్న ఊరుకుంటాడా — "మా నాయిన గొర్లను కూడ గిట్లనే తాడుతోని చుట్టుకొస్తుండె. గా హాలియ కాలువ పొంటి. అవి కొలతకు నిలబడయి, గంతే తేడ."

ఈ పని నాకెవరూ నేర్పలేదు. పాత పరదాలు విప్పి, కుట్టు వెనక కుట్టు చూసి, ఫోనులో హిందీ వాళ్ల వీడియోలు ఆపి ఆపి చూసి నేర్చుకున్నాను. ఆ రోజు మొదటిసారి అనిపించింది, ఈ పని నాదేనని.

కొలిచినంతసేపూ టీచరమ్మ ఆ అరుగు మీద కూర్చుని మాట్లాడుతూనే ఉంది. ఎన్ని ఊళ్ల బడులు... చువ్వలు తప్ప తలుపులు లేని కిటికీలు. జల్లు కొడితే పిల్లల్ని ఈ గోడకు జరపడం, ఎండ కొడితే ఆ గోడకు.

"కిటికి పక్క నేను కూసున్నదే లేదు బిడ్డా. కూసోబెట్టుడే. ఇగ కూసుంట."


జులై 17, గురువారం

బాపు రెండుసార్లు చేశాడు. ఎత్తలేదు.


జులై 18, శుక్రవారం

ముసురు పట్టింది. దుకాణం ముందు గడియారం సెంటర్ వైపు నీళ్లు నిలిచాయి.

ఇట్లాంటి ముసురులోనే మా వాడలో మగ్గాలు ఆగేవి. గుంటలోకి తేమ ఊరుతుంది, నూలు బిగుసుకుంటుంది. అన్ని రోజులూ వినపడే చప్పుడు ఒక్కసారి ఆగితే, ఊరికే ఏడుపొచ్చేది చిన్నప్పుడు. అమ్మ గంజు గిన్నెలో సర్వపిండి రొట్టె ఒత్తేది. గంజు కింద మంట దగ్గర బాపు పక్కన కూర్చుని రబ్బరు ముక్కలు కోసేదాన్ని. పాత సైకిలు ట్యూబులు. నూలు మీద రంగు పట్టకూడని చోట ఆ ముక్కలతో బిగించి కట్టాలి. అమ్మ వేళ్లు ఎంత వేగంగా కట్టేవంటే... చిటికెలు వేస్తున్నట్టు. రంగు పోసి విప్పితే, కట్టిన చోట తెల్లగా మిగిలేది. అక్కడ ఏమొస్తుందో నాకు తెలిసేది కాదు. నేసినాక ఏనుగు వచ్చేది. పువ్వు వచ్చేది. నూలులోనే ఏనుగు దాక్కుని ఉందని నమ్మేదాన్ని.

మా ఇంటికి పరదాలు లేవు. తలుపుకు అమ్మ పాత చీర. గాలి కొడితే బయటికి ఉబ్బేది, లోపలికి అతుక్కునేది. ఇల్లు ఊపిరి తీస్తున్నట్టు. జ్వరంతో పడుకుంటే అదే చూసేదాన్ని.

బట్ట ఏరుకున్న రోజు కూడా రాయాలి. రాయకపోతే ఎవరూ గుర్తుపెట్టుకోరు.

సేటు టీచరమ్మ ముందు క్యాటలాగులన్నీ పరిచాడు. మఖ్మల్, జాలీ, ఎండ అసలు రానివ్వని రబ్బరు గుడ్డ. ఒక్కొక్కటీ ముట్టుకుని పక్కన పెట్టింది.

"ఎండ రావాలె. వీధిలోళ్లు నన్ను చూడొద్దు, నేను వాళ్లను చూడాలె. ఎలిసిపోయినంక కూడ మంచిగుండాలె."

"ఎలిసిపోనిదే ఉన్నది మేడం," అన్నాడు సేటు.

"ఎలవనిది నాకెందుకయ్యా? నేను ఎలుస్తున్న గదా."

అని లోపలికి పోయి ఒక చీర తెచ్చింది. మొదటి జీతంతో నేతవాడలో గడప మీద కూర్చుని కొనుక్కున్నదట. మడత మడతకూ చినిగింది. ఎరుపు ఇటుక రంగుకు వచ్చింది. కానీ చిలుకలు... కళ్లు కూడా కనిపిస్తున్నాయి.

"గిసోంటిది నేసేటోళ్లు ఉన్నరా ఇంక?"

"మా బాపు," అన్నాను. ఆలోచించలేదు. బాపు అప్పటికి చిలుకలు కట్టి ఎన్నో ఏళ్లు. నూలిచ్చే షావుకారు అడిగిన గీతలు, డైమండ్లు, అవే.

ఆదివారం చీర తీసుకుని బస్సెక్కాను. బాపు దాన్ని వెంటనే విప్పలేదు. చేతులు కడుక్కొచ్చాడు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు, అంచు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "మన వాడదే ఇది," అన్నాడు. తర్వాత అమ్మను పిలిచాడు, పేరు పెట్టి. బాపు అమ్మను పేరు పెట్టి పిలవడం నేను ఎన్నిసార్లు విన్నానో వేళ్ల మీద చెప్పొచ్చు.

ఇద్దరూ చీరకు రెండు వైపులా కూర్చున్నారు. చిలుక ముక్కు ఎన్ని పోగుల మీద తిరుగుతుందో వాదులాట. "గంత వంకర ముక్కు ఉంటదా?" "నీకంటె తక్కువనే ఉన్నది." నేను అన్నం వడ్డిస్తే వినలేదు.

నేనిచ్చిన కొలత పొడుగు ఒక్కటే. చూపిన నమూనా చీర. బాపు చీర నేసినట్టే నేశాడు. ఇంకెట్లా నేస్తాడు?

నేసినన్ని రోజులూ ఫోనులో ఆ గొంతు వేరు. ముప్ఫై ఏళ్లోడి గొంతు.


జులై 19, శనివారం

ప్రింటు నా మిషన్ మీద పెట్టాడు సేటు. కుట్టమన్నాడు.

తిప్పి చూశాను. వెనక తెల్లగా ఉంది. బాపు బట్టకు వెనక ముందు లేదు, రెండు వైపులా ఒకటే చిలుక. దీని చిలుక ఒకవైపే బతికుంది.

"టీచరమ్మకు ఏమని చెప్పి ఏస్తవ్ సేటూ?"

"చెప్పేది ఏమున్నది? చిలుకలు అడిగింది. చిలుకలు ఏస్తున్నం."

"మగ్గం బట్ట అడిగింది."

"నీకు బాపు మీద ప్రేమ ఉండొచ్చు. నాకు దుకాణం ఉన్నది. పండుకున్న చిలుకలు కొత్తింట్ల ఏలాడదీస్తె నలుగురు నన్ను నవ్వుతరు, మీ బాపును గాదు."

సేటు చెడ్డవాడని రాయాలని ఉంది. రాయలేను. ఆయనా కత్తెర పట్టే పైకొచ్చాడు. దుకాణం ఊడ్చే పనికి వచ్చిన నన్ను మిషన్ మీద కూర్చోబెట్టింది ఆయనే. అందుకే ఇంకా మంట.

కుట్టలేదు. సోమవారం కుడతా అన్నాను. కోసిన ముక్క మడిచి సంచిలో పెట్టుకున్నాను. సేటు చూసి కూడా ఆపలేదు.

బస్టాండుకు నడుస్తూ దారంతా తిట్టుకున్నాను. ఒక ముసలాయన దగ్గరికొచ్చి, "ఏమైందమ్మా, ఎవలనన్న పోగొట్టుకున్నవా?" అని అడిగాడు. గొంతు బయటికే వచ్చిందన్నమాట.


జులై 20, ఆదివారం

ఇంట్లో చెప్పకూడదనుకున్నాను. చెప్పాను.

ముక్క తీసి బాపు చేతిలో పెట్టాను. చీరలాగా అడ్డంగా పట్టుకున్నాడు మొదట. చిలుకలు నిలబడి ఉన్నాయి. "ఏందే, మంచిగనే ఉన్నది." నేను దాన్ని తిప్పి, పైనుంచి కిందికి వేలాడేటట్టు పట్టుకున్నాను.

చూశాడు.

ఒక చిలుక మీద వేలు పెట్టి పైనుంచి కిందికి జరిపాడు.

"కిటికి కదా..." అన్నాడు. లేచి పోయి మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. మగ్గం మీద నూలు లేదు. ఉత్త మగ్గం ముందు మనిషిని కూర్చోబెట్టి చూడకూడదు.

"చిన్నోనికి ఫోన్ జెయ్యి," అన్నాడు అక్కడి నుంచే. "వస్తున్ననను."

నేను ఏడుపు ఆపుకుంటుంటే అమ్మకు కోపమొచ్చింది. అమ్మ కోపం నాకు తెలుసు. నా కోపం ఎక్కడి నుంచి వచ్చిందో కూడా తెలుసు.

"పుట్టినకాడికెల్లి ఆడోళ్ల ఒంటికే నేసినవు. ఇయ్యాల కొత్తగ ఏమి తప్పు జేసినవయ్యా గుంటల కూసునేతందుకు?" నా చేతిలో ముక్క లాక్కుంది. "గా కిటికికి పొట్ట ఉన్నదంటివి గాదే?"

"ఆఁ."

"పొట్టున్న ఆడిది చీర ఎట్ల గట్టుకుంటది? నిలువుగ ఏలాడదీసుకుంటదా?"

మూలన వడ్ల గంప ఉంది. బోర్లించి, ముక్కను దాని చుట్టూ తిప్పింది. అడ్డంగా. చీర కుచ్చిళ్లు పెట్టినట్టు పైన వేళ్లతో మడతలు పట్టుకుంది. గంప ఉబ్బు మీద చిలుకలన్నీ లేచి నిలబడ్డాయి. ఒకదాని వెనక ఒకటి.

"చుట్టు. కిటికికి చీర గట్టు. గంతే."

నేను నూలు గుర్తు చేసుకున్నాను. ఒక గోడ నుంచి ఇంకో గోడకు, వంపు వెంట. పరదా కోయకుండా, అతుకు లేకుండా, ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒకటే బట్ట. చీర పన్నా — ఆ వెడల్పు — కిటికీ ఎత్తుకు కొంచెం తక్కువ. పైన రింగులకు ఉత్త ఎర్రగుడ్డ పట్టీ వేస్తే సరిపోతుంది. పరదా అరుగు దాకానే రావాలి, నేల దాకా కాదు. పొట్టకిటికీ గనక సరిపోయింది. మామూలు కిటికీకి అయ్యేదే కాదు.

మిగిలింది చాలుతుందా? బాపు గుంటలోంచే లెక్క చెప్పాడు. నేసిన పొడుగు ఆయన నోట్లో ఉంటుంది. కుచ్చులు కొంచెం తక్కువ పోస్తే చాలుతుంది. ఇంకొక్క కోత పడితే చాలదు.

మళ్లీ నేసే నూలు లేదు, నేసేంత టైమూ లేదు.

"ఫోన్ జెయ్యాల్నా చిన్నాయనకు?" అన్నాను.

బాపు గుంటలోంచి కాళ్లు తీశాడు. "జెప్పిన రోజే జెప్త. నీ సేటుతోని మాట్లాడు ముందుగాల."

అమ్మ గంప మీద ముక్క తీయలేదు. సాయంత్రం దాకా అట్లాగే ఉంది. పక్కింటామె వచ్చి, "ఎవల్ది శ్రీమంతం?" అని అడిగింది.


జులై 21, సోమవారం

సేటు దుకాణానికి రాలేదు. ఎవరి పెళ్లికో పోయాడట. ప్రింటు నా మిషన్ మీద అట్లాగే. ముట్టలేదు.


జులై 22, మంగళవారం

బాపు బట్ట ర్యాకులో లేదు.

వెతికితే బల్ల కింద దొరికింది. కోయలేదు ఇంకా. కానీ సుద్దముక్కతో గీతలు. చదరాలు చదరాలుగా.

"దిండ్లకు," అన్నాడు సేటు. "కిటికి కింద అరుగు ఉన్నది గదా. చదరం కోస్తె చిలుకలు ఎటు తిప్పితె అటు నిలబడ్తయి. పరదా ప్రింటు, దిండ్లు మగ్గంవి. టీచరమ్మకు మగ్గం బట్ట ఇచ్చినట్టె, నా మాట దక్కినట్టె, మీ బాపు పని కూడ పారేసినట్టు గాదు. ఇంకేం గావాలె?"

నాకు తెలుసు, ఆయన మంచి చేస్తున్నానే అనుకుంటున్నాడు.

అమ్మ చెప్పింది చెప్పాను. గంప సంగతి చెప్పాను. చేతులతో చుట్టి చూపించాను. మొదట నవ్వాడు. తర్వాత నవ్వకుండా —

"అడ్డం కుడితె పేక, గా అడ్డపోగు, నిలువు పడతది సరితా. మడత నిలవదు. బోర్లించిన గంప లెక్కనే ఉబ్బుతది. నీకు తెల్వదా?"

తెలుసు. అదే నాకు నిద్ర పట్టనివ్వనిది. బట్ట పొడుగు నిలువుగా ఉంటేనే పరదా బుద్ధిగా కిందికి జారుతుంది. అడ్డం వేస్తే మొండికేస్తుంది. ఆయన చెప్పింది తప్పు కాదు.

"ఏసి చూద్దాం సేటూ. ఒక్కసారి. మంచిగ లేకుంటె నేనే దింపుత."

"గీతలు గీసిన. శనివారం తీరిక దొరికితె కోస్త. పని జూస్కో."


జులై 23, బుధవారం

టీచరమ్మ ఇంటికి రాడ్లు బిగించడానికి నన్నూ యాదన్ననూ పంపాడు. ప్రింటు కోసం. టీచరమ్మ లేదు, గృహప్రవేశం పత్రికలు పంచడానికి పోయింది. పైన రంగులేసేవాళ్లు.

ముక్క నా సంచిలోనే ఉంది. తీశాను. యాదన్న చూశాడు.

"నాకేం ఎరుక లేదు," అన్నాడు. "నేను రాడ్ కొడుతున్న. నా ఎనక ఎవలేం జేస్తుర్రో నేను చూస్తనే లే."

పక్క పలకకు, అడ్డంగా, క్లిప్పులతో.

చిలుకలు నిలబడ్డాయి. అద్దం వెనక నుంచి వెలుతురు వచ్చేసరికి ఎరుపు గోడ మీద పడింది, అరుగు మీద పడింది, నా చేతుల మీద పడింది. అమ్మ పాత చీర తలుపుకు ఉన్నప్పుడు మా ఇంట్లో పొద్దున పూట ఇదే రంగు. ఇన్నేళ్లూ ఆ రంగు మరిచిపోయానని కూడా నాకు తెలియదు.

అయితే సేటు మాట నిజమే. అడుగున ఉబ్బింది. మూల దగ్గర ముందుకు పొడుచుకొచ్చింది, అలిగిన పిల్లలా.

యాదన్న నిచ్చెన మీద నుంచే చూస్తున్నాడు. ఎనక చూడనన్నవాడు.

"మా నాయిన గొంగడి కూడ కొత్తల గిట్లనే మొండికేస్తది," అన్నాడు. జేబులోంచి నాలుగు ఇనుప నట్లు తీసి ఇచ్చాడు. "కింది మడతల ఇవి ఏసి కుట్టు. బరువుకు దిగుతది."

కుట్టలేదు, పిన్నులు పెట్టాను. దిగింది. అంతా కాదు. మామూలు పరదాలాగా ఎప్పటికీ దిగదు. కొంచెం నిండుగా, నిలబడ్డ మనిషిలాగే ఉంటుంది. నాకు బాగుంది. టీచరమ్మకు బాగుంటుందో లేదో ఆమె చెప్పాలి. సేటు కాదు, నేను కాదు.

ఫోటో తీద్దామనుకున్నాను. బాపుకు పంపాలనిపించింది. పంపలేదు. అరకొర కిటికీ చూసి ఆయన మగ్గం సంగతి తేల్చకూడదు.

దింపేటప్పుడు యాదన్న — "టీచరమ్మకు నువ్వే చెప్పొచ్చు గదా?"

చెప్పగలను. ఒక్క ఫోను. కానీ అట్లా అయితే సేటు దొంగ అవుతాడు, నేను చాడీ చెప్పినదాన్ని అవుతాను, బాపు బట్ట గొడవలో దొరికిన బట్ట అవుతుంది. ఆ కిటికీకి అట్లా ఎక్కకూడదది. ముందు సేటుకు మొహం మీద చెప్పాలి. ఆయన కాదంటే అప్పుడు టీచరమ్మ దగ్గరికి పోతాను. దాక్కుని కాదు, ఆయనకు చెప్పి మరీ.


జులై 24, గురువారం

చెప్పాను.

కొనేవాళ్లు లేని పూట చూసి, బాపు బట్టను బల్ల మీద పెట్టి. దస్తీ తడిపి సుద్ద గీతలు ఒక్కొక్కటీ తుడుస్తూ. ఆయన కళ్లజోడు తీసి చూస్తున్నాడు. యాదన్న బయట స్కూటర్ కడుగుతున్నట్టు నటిస్తున్నాడు. కడిగిన చోటే కడుగుతున్నాడు.

"ఏందే, నాకే హుకుం జేస్తున్నవా?" అన్నాడు సేటు.

"ఆఁ."

"నీ పని బందు పెడితె?"

"పెట్టు. బట్ట మాత్రం కొయ్యకు."

కళ్లజోడు చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. తర్వాత, "చూద్దాం తీ" అన్నాడు, కళ్లజోడు పెట్టుకుని. కత్తెర సొరుగులో పెట్టాడా, సొరుగు మీద పెట్టాడా, నేను చూడలేదు. చూడాల్సింది.

రేపు మాట మార్చకుండా ఉండటానికి నేను ఆయనతో అన్న మాటలన్నీ ఇక్కడ రాసుకుంటున్నాను. ఆయన కోసం, నా కోసం కూడా.

సేటూ. మిగిలిన బట్ట మీద కత్తెర పెట్టొద్దు. దిండ్లకు వద్దు, దేనికీ వద్దు. టీచరమ్మను పిలువు, ఆమె ముందర ఒక్కసారి ఆ కిటికీకి అడ్డంగా వేసి చూడనివ్వు. ఆమె వద్దంటే నేనే దింపుతా, నా చేతులతో మడిచి ఇంటికి తీసుకుపోతా, ఇంకో మాట అనను. ప్రింటే వేస్తానంటే ప్రింటని చెప్పి వెయ్యి. మా బాపు మగ్గం పేరు చెప్పి దాన్ని వెయ్యొద్దు. ఆదివారం పొద్దున ఆయన హైదరాబాదుకు జవాబు చెప్పాలి. అందుకే నీ జవాబు నాకు శనివారం దుకాణం షట్టరు దించేలోపల కావాలి. ఔనంటావో కాదంటావో, ఒకటి చెప్పు. చూద్దాం అంటే నేను ఒప్పుకోను.